వెలుగు చూచినవాడు, కాగితం వ్రాసినవాడు

పోయిన నెల ఈ శీర్షికలో రేషను కార్డులలో మనవారి ఇంటిపేర్లు తారుమారవుతున్న సంగతి వ్రాశాము. దానికి వచ్చిన జాబులలో ఒక సోదరి, "ఎప్పుడూ కచేరీ కాగితాల గొడవేనా? ఒక్కసారి తల పైకెత్తి ఏమైనా వ్రాయరాదా?" అని మందలించారు. మందలింపు న్యాయమే. ఈ నెల తల పైకెత్తుతున్నాము. కాని గుమాస్తావాడు ఆకాశం చూచినా అక్కడా వాడికి కాగితమే కనబడుతుంది. ఆ లోపాన్ని సోదరి మన్నించాలి.

ఎలవూరు వాళ్ళకు ఆకాశంలో వెలుగంటే భయం లేదు. మనకు ఈశాన్యంగా, పులికాట్ సరస్సు అవతల, సుమారు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో శ్రీహరికోట ఉన్నది. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి రోహిణి అనే చిన్న రాకెట్టు మొదటిసారి లేచినది. 2025 జనవరి 29న లేచినది నూరవ పెద్ద ప్రయోగమని లెక్క. ఇన్నేళ్ళుగా చూస్తున్నాము కనుక మా పిల్లలకు కూడా అది పండుగ బాణసంచాతో సమానం. వెలుగు కనబడగానే వాళ్ళు అంకెలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. వెలుగు వెంటనే వస్తుంది, సద్దు నడిచి వస్తుంది గదా. ఎనభై, తొంభై మధ్యలోకి వచ్చేసరికి కిటికీ రెక్కలు గలగలమంటాయి. రాత్రిపూట అయితే తిరుత్తణి కొండ మీదికి కూడా కనబడుతుందని అక్కడి మన సభ్యులొకరు చెప్పారు.

2022 ఫిబ్రవరి 14న తెల్లవారుజామున 5 గంటల 59 నిమిషాలకు లేచిన పి.ఎస్.ఎల్.వి. మాత్రం మాక్కూడా కొత్తగా తోచినది. నేలమీద ఇంకా చీకటి. రాకెట్టు పైకి పోయినకొద్దీ దాని పొగ ఒక్కసారిగా వెలిగి, తెల్లగా, నీలంగా, విచ్చుకున్న తామరపువ్వులాగా అయిపోయినది. మా స్టేషను ప్లాట్‌ఫారం మీద నెల్లూరు బండి కోసం నిలుచున్న ఒక పొరుగూరి ఆసామి చెప్పులు విడిచి దండం పెట్టాడు. మనకు పొద్దు పొడవకపోయినా, అంత ఎత్తున అప్పటికే పొడిచి ఉంటుంది. ఆ ఎండ పొగమీద పడి వెలుగుతుంది. ఈ చిన్న సంగతిని పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలి. దీనితో ఇంకా పని ఉన్నది.

తెలిసిన వెలుగు సంగతి అది. తెలియని వెలుగు వస్తే ఏమవుతుంది? కొన్నేళ్ళ క్రిందట మాకే అనుభవమైనది.

అప్పుడు మేము పనిచేస్తున్న కచేరీ పేరు అనవసరం. తప్పు కచేరీది కాదు, మాది. ఒక ఉదయం సరస్సు గట్టున ఉన్న ఒక కుప్పం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. అరవై దాటిన మనిషి, వల పని. 2008 నవంబరులో బొంబాయి మీదికి సముద్రపు దారిన వచ్చి దాడి చేశారు గదా, అప్పటినుంచి తీరం వెంబడి చేపల పనివాళ్ళకు అధికారులు చెబుతున్న మాట ఒకటున్నది: కొత్తది ఏది కనబడినా వచ్చి చెప్పండి అని. ఆయన ఆ మాట నమ్మి, ఒక పూట పని మానుకొని, బస్సు చార్జీ పెట్టుకొని వచ్చారు. ఆయన చెప్పినది ఇప్పటికీ మా చెవిలో ఉన్నది.

"పొద్దుగూకి గంట అయ్యుంటుంది సామీ. పడమట నుంచి దీపాల బారు ఒకటి లేచింది. పెళ్ళి ఊరేగింపులో గ్యాసులైట్లు మోసుకుపోతారే, అట్టా, ఒకదాని ఎనక ఒకటి. సద్దు లేదు. నెత్తిమీదుగా దాటి తూరుపుకు పోయినాయి. ముప్పై దాకా ఎంచి వదిలేసినా. కడాన ఏమయిందంటే, ఒక్కొక్కటే ఒకే తావుకి వచ్చి ఆరిపోయినాయి. ఆ తావులో మబ్బు లేదు. చుట్టూ చుక్కలు ఉండాయి."

ఆయన చెప్పినది తెలుగు. కచేరీ భాష తమిళం. మాకు రెండూ వచ్చును కనుక వ్రాసుకునే పని మాకు అప్పగించారు. మేము వ్రాసినది తెలుగులో చెబితే ఇట్లా ఉంటుంది: "నిన్న రాత్రి ఆకాశమున వింత వస్తువులు ఎగురుచుండగా చూచినట్లు అర్జీదారు తెలిపినాడు." అంతే. ఆయన "దీపాలు" అన్నారు, మేము "వస్తువులు" అన్నాము. గంట చెప్పారు, దిక్కు చెప్పారు, రెండూ ఎగిరిపోయినవి. ఒకే తావున ఒక్కొక్కటే ఆరిపోయినవన్న మాట కావాలనే వదిలిపెట్టాము. అది వ్రాస్తే చదివే అధికారి మమ్మల్ని చూచి నవ్వుతాడేమోనని భయం. పైగా మార్జినులో మా తెలివి కూడా చూపించాము: "అర్జీదారు వయసు మళ్ళినవాడు, కంటిచూపు సంగతి తెలియదు." పక్క బల్లవాడు "ఎన్ని సీసాలు పట్టాయి పెద్దాయనా?" అని అడిగితే అందరికంటె ముందు నవ్వినది మేమే. ఆయన కోపపడలేదు. తుండుగుడ్డ భుజాన వేసుకొని, "వస్తా సామీ" అని వెళ్ళిపోయారు. ఆ కాగితం మీద "తదుపరి చర్య అవసరం లేదు" అనే ముద్ర పడడానికి మూడు రోజులు కూడా పట్టలేదు.

మా జాతివాళ్ళు లోకమంతటా ఉన్నారని తరువాత చదివి తెలుసుకున్నాము. అమెరికాలో 1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే వ్యాపారి తన సొంత విమానంలో పోతూ, రెయినియర్ కొండ దగ్గర తొమ్మిది మెరిసే వాటిని చూచాడు. నీటిమీద సాసరు విసిరితే ఎట్లా ఎగిరెగిరి పోతుందో అట్లా పోయినవని నడక చెప్పాడు. వ్రాసుకున్న పత్రికలవాళ్ళు నడకను ఆకారం చేసి "ఎగిరే సాసర్లు" అన్నారు. ఆ తరువాత కొన్ని వేలమంది సాసర్లనే చూచారు! మేము "దీపాలు" కొట్టివేసి "వస్తువులు" వ్రాయడం దీనికి తీసిపోయిన పని కాదు.

ఆ దేశపు వాయుసేన దీనికోసం ఒక శాఖనే పెట్టినది. చివర దానికి బ్లూబుక్ అనే పేరు ఉండేది. 1947 నుంచి 1969 వరకు పోగైన అర్జీలు 12,618. అందులో ఏమిటో తేలనివి 701. ఈ 701 పేరు చెప్పి కొందరు ఉప్పొంగిపోతారు. మాకు మాత్రం మిగిలిన 11,917 మీదనే ధ్యాస. అంతమందికి ఎవరైనా కూర్చొని, "అయ్యా, మీరు చూచినది ఇది" అని మర్యాదగా చెప్పారా? 1966 మార్చిలో మిషిగన్ రాష్ట్రంలో ఒక పల్లె రైతు కుటుంబమూ, ఒక కాలేజీ హాస్టలు ఆడపిల్లలూ, మరికొందరూ వెలుగులు చూచారు. వాయుసేనకు సలహాదారుగా ఉన్న హైనెక్ అనే ఖగోళ పండితుడు కొద్ది రోజులలోనే పత్రికలవాళ్ళను పిలిచి, అది చిత్తడి నేలలో పుట్టే వాయువు కావచ్చునన్నాడు. ఆయన "కావచ్చును" అన్నాడు. దేశం "అయినది" అని విన్నది. చూచినవాళ్ళు ఊళ్ళో తల ఎత్తుకోలేకపోయారు. ఆ రాష్ట్రపు ప్రతినిధి, తరువాత అధ్యక్షుడయిన జెరాల్డ్ ఫోర్డ్, ప్రజలకు ఇంతకంటె మంచి జవాబు రావాలని, సభలో విచారణ జరపాలని పట్టుబట్టాడు. వాయువా కాదా అన్నది అటుంచి, ఆ పట్టుదల మాకు నచ్చినది.

మన దేశంలో దీనికి సరిగ్గా ఎదురు కథ ఒకటున్నది. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు లడఖ్‌లో, చైనా సరిహద్దు సరస్సు మీద, మన సైనికులకు రాత్రుళ్ళు వెలుగులు కనబడినవి. శత్రువుల వేగు విమానాలని అనుమానం. వాళ్ళు కంగారుపడి కాల్పులు జరపలేదు, ఒకరినొకరు ఎగతాళి చేసుకోలేదు. ప్రతి రాత్రీ వ్రాసుకున్నారు. 329 సార్లు చూచినట్లు నమోదయినదని పత్రికలలో వచ్చినది. చివరకు బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థవారిని అడిగారు. వారు ఆ వెలుగుల దిక్కునూ, ఎత్తునూ, వేళనూ నక్షత్రాల నడకతో పోల్చి చూచి తేల్చారు: ఒకటి గురుడు, ఒకటి శుక్రుడు. అంత ఎత్తయిన చోట గాలి పలుచన, గ్రహాలు మనం ఎన్నడూ చూడనంత కాంతిగా కనబడతాయి. ఇది చదివి చాలామంది నవ్వారు. మేము నవ్వలేదు. గంటా, దిక్కూ వ్రాసిపెట్టి ఉండబట్టి గదా తేలినది! మా వంటి గుమాస్తా ఒకడు అక్కడ కూర్చొని "వింత వస్తువులు ఎగురుచున్నవి" అని వ్రాసి ఉంటే ఏ పండితుడు మాత్రం ఏమి తేల్చగలడు?

తెలుగుదేశం సంగతి చెప్పకుండా ఊరుకుంటే మనవాళ్ళు ఒప్పుకోరు. 2022 డిసెంబరు 7న హైదరాబాదులోనూ, ఆ చుట్టుపక్కలా జనం మేడలెక్కి ఆకాశం చూచారు. తెల్లని బిళ్ళ వంటిది ఒకటి పైన నిలిచి ఉన్నది. విమానం కాదు, చందమామ కాదు. ఎవరికి తోచిన పేరు వారు పెట్టారు. ఆ పూటే వికారాబాదు జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాలలో పెద్ద గుండ్రని పెట్టె వంటిది దిగినది. ఊరంతా పరుగెత్తినది. పోలీసులు వచ్చారు, విచారించారు, తేల్చారు. హైదరాబాదులోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ వారి బెలూన్ కేంద్రం నుంచి, స్పెయిన్ దేశపు కంపెనీ ఒకటి, మనుషులను పైకి తీసుకుపోవడానికి తయారుచేస్తున్న పెట్టెను ఖాళీగా పంపి పరీక్ష చేసినదట. ఈ బెలూన్లు 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. అక్కడ మనకంటె ఇరవై నిమిషాలకు పైగా ముందే పొద్దు పొడుస్తుంది. క్రింద మసక, పైన ఎండ: మా ప్లాట్‌ఫారం మీది ఆసామి దండం పెట్టిన వెలుగే ఇది కూడా.

ఆ బెలూన్ కేంద్రం 1969 నుంచి అక్కడ ఉన్నది. బెలూన్లు ఎగరవేసే కాలం వచ్చినప్పుడల్లా వారు పత్రికలకు ఒక నోటీసు ఇస్తారు. మేము దానిని రెండుసార్లు చదివాము; మా వృత్తి రోగం. ఫలానా తేదీల మధ్య రాత్రిపూట బెలూన్లు వదులుతాము. అవి పలుచని ప్లాస్టిక్కుతో చేసినవి, యాభై మొదలు ఎనభై అయిదు మీటర్ల అడ్డుకొలత. పరికరాల పెట్టెలు రంగురంగుల పారాచూట్లతో దిగుతాయి. ఫలానా జిల్లాలలో పడవచ్చు. విప్పకండి, కొన్నిటిలో కరెంటు ఉంటుంది, ప్రమాదం. దగ్గరి పోలీసు ఠాణాకో, పోస్టాఫీసుకో, జిల్లా అధికారులకో చెప్పండి. చెప్పినవారికి తగిన బహుమానమూ, టెలిగ్రాముకూ ప్రయాణానికీ అయిన ఖర్చూ ఇస్తాము. ఇదీ దాని సారాంశం. ఇంత చక్కని నోటీసు మా సర్వీసులో మేము ఒక్కటీ డ్రాఫ్టు చేయలేదు. చూచినవాడిని అనుమానించే మాట అందులో ఒక్కటీ లేదు. పైగా బస్సు చార్జీ ఇస్తామన్నారు! కుప్పం పెద్దాయన చార్జీ సంగతి మేము అడిగినామా?

ముందుగా నోటీసు ఇవ్వనివి కూడా పడతాయి. 2022 ఏప్రిల్ 2, ఉగాది సాయంత్రం, చంద్రపూర్ జిల్లాలో ఆకాశాన్ని కోసుకుంటూ నిప్పుల బారు ఒకటి పోయినది. ఆ పక్కన బల్లార్పూరు వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నవి. పండుగ పూట అందరూ వాకిళ్ళలోనే ఉండి ఉంటారు. సిందేవాహి తాలూకా లాడ్‌బోరి గ్రామంలో మూడు మీటర్ల వెడల్పున్న లోహపు కడియం ఒకటి పడినది. ఊరివాళ్ళు రెవెన్యూవారికీ, పోలీసులకూ చెప్పారు. వాళ్ళు దానిని భద్రపరచారు. మన అంతరిక్ష శాఖ శాస్త్రజ్ఞులు వచ్చి చూచారు. చైనా రాకెట్టు ఒకదాని మూడవ అంచె నేలకు దిగుతూ కాలిపోయినదని ఖగోళ లెక్కలు తెలిసినవారు అన్నారు. ఊరివాళ్ళు చెప్పకపోతే ఆ కడియం ఏ పాత ఇనుము కొట్టుకు పోయేదో!

ఫ్రాన్సులో ఈ పని పద్ధతిగా చేస్తారట. 1977 నుంచి తులూజ్ పట్టణంలో, వారి అంతరిక్ష సంస్థలోనే దీనికొక చిన్న కచేరీ ఉన్నది. పల్లెటూరివాడు వెలుగు చూస్తే అక్కడి పోలీసు వాఙ్మూలం తీసుకొని పంపుతాడు. తేలినవి, తేలినట్లున్నవి, వివరం చాలనివి, వివరమున్నా తేలనివి అని నాలుగు కట్టలు కడతారు. ఈ మూడో కట్ట అంటే మాకు భలే ఇష్టం. తప్పు ఆకాశానిదీ కాదు, చూచినవాడిదీ కాదు, వ్రాసినవాడిదని ఒప్పుకునే కట్ట అది. మా కాగితం చేరవలసిన చోటు అదే.

అది మాకు ఎట్లా తెలిసినదంటే, ఒకనాడు పత్రికలో ఒక ఫొటో చూచాము. 2019 మే నెల నుంచి అమెరికాలో ఒక కంపెనీ స్టార్‌లింక్ అనే చిన్న ఉపగ్రహాలను ఒక్కొక్క రాకెట్టులో పదులకొద్దీ పంపుతున్నది. మొదటిసారి పంపినవి అరవై. వదిలిన కొద్ది రోజులు అవి దారానికి గుచ్చిన పూసల్లాగా ఒకే బారుగా పోతాయి. వాటికి సొంత దీపాలు లేవు. పొద్దుగూకిన తరువాత కూడా అంత ఎత్తున ఎండ ఉంటుంది గనుక ఆ ఎండలో మెరుస్తాయి. తూరుపుకు పోయినకొద్దీ ఒకచోట భూమి నీడ అడ్డం వస్తుంది. ఒక్కొక్కటే ఆ నీడలోకి పోతుంది. ఒక్కొక్కటే, ఒకే తావున, ఆరిపోతుంది.

పత్రిక మడిచి పెట్టి చాలాసేపు కూర్చున్నాము. మేము సిగ్గుపడి వదిలిపెట్టిన ఆ ఒక్క మాటే మొత్తం కేసుకు తాళంచెవి. వాయుసేన అక్కరలేదు, పండితుడూ అక్కరలేదు. ఆ మాట చదివితే ఏ హైస్కూలు సైన్సు మాస్టారైనా చెప్పగలిగేవాడు. ఎస్.ఎస్.ఎల్.సి. తప్ప చదువు లేని మాకే ఇప్పుడు అర్థమయినది గదా!

మరునాటి ఆదివారం కుప్పానికి పోయాము. ఆయన గట్టున కూర్చొని వల బాగుచేసుకుంటున్నారు. మమ్మల్ని గుర్తుపట్టారు. ఒక నిమ్మకాయా, చేతి టార్చీ తీసుకొని, ఇది భూమి అన్నా, ఇది పొద్దు అన్నా, అని మాకు తెలిసినంత చెప్పాము. ఆయన విని, "అయితే మబ్బు కాదు, నీడ" అన్నారు. తరువాత, "ఒకే తావున ఆరిపోయినాయని చెప్పినా గదా సామీ. మీరు రాసిన కాగితంలో అది ఉందా?" అని అడిగారు. లేదన్నాము. ఆయన మళ్ళీ వల మీదికి వంగారు.

వాళ్ళ కోడలు చెంబుతో మజ్జిగ ఇస్తూ మరో సంగతి చెప్పినది. మొన్నటి వానల్లో గట్టుకు ఒక ఇనప పీపా కొట్టుకొచ్చినదట. మూత దగ్గర ఘాటు వాసన. మొదట చూచినది మామగారే. ఎవరికీ చెప్పలేదట. పిల్లలు రెండు రోజులు దానిని దొర్లించి ఆడుకున్నారు. మూడోనాడు చేపలకు ఐసు తెచ్చే బండివాడు చూచి ఫోను చేస్తే పోలీసులు వచ్చి తీసుకుపోయారు. పిల్లలకు ఏమీ కాలేదు. "ఎందుకు చెప్పలేదు అన్నా?" అని అడిగితే ఆయన తల ఎత్తకుండానే, "చెబితే నవ్వుతారు గదా సామీ" అన్నారు.

మేము మా సెల్ ఫోను నంబరు ఆయన మనవడి ఫోనులో వేయించి, ఏ వేళనైనా సరే, ఏది కనబడినా మాకు చెప్పమని, మేము వ్రాసుకుంటామని చెప్పి వచ్చాము. ఆయన అవుననలేదు, కాదనలేదు.

నెలరోజుల తరువాత తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోను మోగినది. మా ఇంటావిడ ఎవరికో ప్రాణం మీదికి వచ్చినదనుకొని లేచి కూర్చున్నది.

"సామీ, తూరుపున ఒకటి ఉంది. పెద్దది. మినుకు లేదు, కదలడం లేదు."

దీపం వేసి, క్యాలెండరు వెనకవైపున వ్రాశాము. గంట నాలుగున్నర. తూరుపు. ఎంత ఎత్తు అని అడిగితే, చేయి చాపితే నేలమీద ఒక జాన అన్నారు. ఒక జాన అని వ్రాశాము. రంగు? తెలుపు. సద్దు? లేదు. అన్నీ ఆయన మాటల్లోనే వ్రాసుకొని, తిరిగి చదివి వినిపించాము. ఆయన నెమ్మదిగా విన్నారు. మేడమీదికి పోయి చూచి వచ్చి, "అన్నా, అది వేగుచుక్క గదా!" అన్నాము.

"నలభై ఏళ్ళుగా దాన్ని చూసే పడవ దించుతున్నా సామీ, నాకు తెలీదా?" అన్నారు ఆయన. "మీరు రాసుకుంటారో లేదో చూద్దామని."